ఊఁ కొట్టే మనిషి

అక్టోబరు నడుమ ఐప్పసి నెల పుట్టి వాన పట్టిందంటే చాలు, తమిళనాట పాండూరులో మా ఇంట్లో శనివారం సాయంత్రాలు సినిమా. ఇది నేను పెట్టిన అలవాటు, కాబట్టి గొప్పలు కూడా నేనే చెప్పుకుంటాను. హాలు గోడకు మా ఆయన లోకనాథం తెల్ల పంచె బిగించి కడతాడు, దాని మీద ప్రొజెక్టర్ వెలుతురు పడుతుంది. కింద రెండు జంపఖానాలు. వాటి మీద మా మరిది కుటుంబం, మా అమ్మాయి మనస్వి, మధ్యలో గిన్నెడు ఉడకేసిన చెనిక్కాయలు, ఫ్లాస్కు నిండా శొంఠి కాఫీ. దీపాలు పెట్టే వేళకు మొదలైతే అన్నాల వేళకు అయిపోతుంది. మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం తమిళమే. అందుకని తెలుగు సినిమా వేసినా కింద తమిళ అక్షరాలు రావాలి. ఆ ఏర్పాటు మనస్వి చూసుకుంటుంది.

ఇంత సంబరంలో ఒక్క మనిషి లేడు. మా అన్న కోదండరామ. తిరుత్తణిలో కొండ కింద పూజ సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. బస్సెక్కితే గంట ప్రయాణం. అయినా ఏడాదిగా మా గడప తొక్కలేదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. నా ముందు మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తరు, ఎత్తితే నేను ఊరుకోనని వాళ్ల భయం.

చక్కెర జబ్బుతో మా అమ్మ వరదమ్మకు చూపు పోయేనాటికి నాకు పన్నెండేళ్లు, అన్నకు పద్దెనిమిది. అమ్మకు సినిమా పిచ్చి. చూపు పోయిందని పిచ్చి పోతుందా? సినిమా హాలుకు తీసుకుపొమ్మని పట్టుబట్టేది. అన్న పక్కన కూర్చుని తెర మీద జరిగేదంతా ఆమె చెవిలో చెప్పేవాడు. ఎవరు వచ్చారు, ఏ చీర కట్టారు, ఎవరి మొహం మాడింది, అన్నీ. అమ్మ ఊఁ కొట్టేది. ఊఁ కొట్టకపోతే కథ ముందుకు సాగదు కదా. ఒక్క ఊఁ తప్పితే అన్న ఆగిపోయేవాడు.

"యాడికి పోయినావమ్మా?"

"యాడికీ పోలేదు నాయనా, చెప్పు."

ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి ఎంత గుర్రుగా చూసినా, ఒకరికి కనబడేది కాదు, ఇంకొకరికి లెక్క లేదు. అసలు మా ఇంట్లో సినిమాలు మొదలెట్టిందే అమ్మ కోసం. గోడ పక్కన ఆమె పేము కుర్చీ. దాని పక్కన స్టూలు. స్టూలు మీద అన్న.

నిరుడు ఎండాకాలం, వైకాసి నెలలో అమ్మ పోయింది. ఐప్పసి వచ్చింది, వాన వచ్చింది, అన్నా వచ్చాడు. ఖాళీ కుర్చీ పక్కన అదే స్టూలు మీద కూర్చున్నాడు. బొమ్మ పడగానే చెప్పడం మొదలెట్టాడు. "తలుపు తీస్తా ఉండాడు... బయట ఒకటే వాన... గొడుగు లేదు..." ఊఁ కొట్టేవాళ్లు లేరు. వినబడలేదేమో అన్నట్టు గొంతు పెంచాడు. పిల్లలు నా వైపు చూశారు. అమ్మ పోయిన దుఃఖం ఆ రోజుల్లో నాకు కోపంగానే బయటికి వచ్చేది.

"రొంచేపు సుమ్మా ఉంటావా అన్నా? మాకూ కండ్లు ఉండాయి," అన్నాను.

అన్న నోట మాట అక్కడికక్కడే ఆగింది. సినిమా అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. తరవాత చెప్పులేసుకుని, అన్నం కూడా తినకుండా తొమ్మిదిన్నర బస్సుకు వెళ్లిపోయాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అని అమ్మ బతికున్నన్నాళ్లూ నాకే చెప్పేది. ఊరి సంగతి అలా ఉంచండి, ఉన్న ఒక్క తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్నాను. ఏడాదంతా ఫోనులో బాగున్నావా అంటే బాగున్నానని, అంతే.

ఈ ఏడు ఐప్పసి మొదటి శనివారానికి పిలిచాను. అంగట్లో రద్దీ అన్నాడు. రెండో వారం వాన అన్నాడు, ఏదో మా ఊళ్లో ఎండ కాస్తున్నట్టు. మూడో వారం ఫోను మా వదిన అలిమేలమ్మ ఎత్తింది. మొన్న అన్నకు కంటి శుక్లాల ఆపరేషన్ అయిందట. నాకు చెప్పనే లేదు. ఫోను ఆయనకిమ్మన్నాను.

"ఎట్లుండావన్నా?"

"బాగుండా. కట్టు కట్టినారు. వారం దినాలు టీవీ గీవీ చూడొద్దన్నాడు డాక్టరు."

"శనివారం కారు పంపిస్తా. వచ్చేయ్."

"చూడొద్దంటే వచ్చి ఏం జేసేది మే?"

"కండ్లు మూసుకొని విను."

"సుమ్మా వింటే ఏం తెలస్తాది? ఎవురన్నా చెప్పల్ల కదా."

ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు. ఎత్తిపొడిచినా బాగుండేది, నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని.

అన్న రానన్నాడు. అయినా ఆ శనివారం అమ్మకు ఇష్టమైన పాత సినిమా పెట్టించాను. కష్టం వచ్చి ఒకాయన ఎద్దును అమ్ముకుంటాడు, అది ఎక్కడినుంచో నడిచి ఇంటికి తిరిగొస్తుంది. అన్న దాన్ని అమ్మకు పదిసార్లైనా చెప్పి ఉంటాడు. తిరుత్తణికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, పేము కుర్చీలో దిండుకు ఆనించాను. నేను స్టూలు మీద కూర్చున్నాను.

"అన్నా, చెప్తా ఉండా, వినుకో. ఒక ఇల్లుంది. ఒకాయన వస్తా ఉండాడు."

అవతలినుంచి ఊఁ రాలేదు.

"పంచె కట్టుకోనుండాడు. ఆయన పెండ్లాం... కాదు కాదు, చెల్లెలనుకుంటా... అయ్యో, ఆ సీను అయిపోయినాది."

ఇది ఇంత కష్టమని నాకేం తెలుసు? ఒకటి చెప్పేలోగా మూడు జరిగిపోతున్నాయి. మొహాలు చెబితే మాటలు వినబడవు, మాటలు వింటే మొహాలు తప్పిపోతాయి. అన్న ఇన్నేళ్లూ ఒక్క సినిమా కూడా తన కోసం చూడలేదని నాకు అప్పుడు తట్టింది. గొంతు పెంచాను.

"అమ్మా, రొంచేపు ఊరకుండు మా," అంది మనస్వి విసుగ్గా. "మాకూ కనపడతా ఉంది."

లోకనాథం తల దించుకుని చెనిక్కాయ ఒలుస్తున్నాడు. కుర్చీలోంచి ముందు దగ్గు వినబడింది, తరవాత నవ్వు.

"చెప్పనీ పాపా. మీ అమ్మకు ఇదే మొదలు. పోను పోను వస్తాది."

ఏడాది తరవాత విన్నాను ఆ నవ్వు. కళ్లు తుడుచుకుని మళ్లీ అందుకున్నాను. ఈసారి తొందరపడలేదు. ఎద్దు వాగు దాటడం చెప్పాను. దాని మెడలో పాత పలుపు ముక్క వేలాడటం చెప్పాను. దొడ్డి ముందు నిలబడి తలతో దడి తోయడం చెప్పాను.

"ఊఁ," అన్నాడు అన్న.

అచ్చం అమ్మ ఊఁ.

సినిమా అయిపోయింది. లోకనాథం దీపం వేసి పంచె విప్పాడు. పిల్లలు అన్నాలకు లేచారు. నేను లేవలేదు.

"అయిపోయినాదా మే?"

"లేదన్నా. ఇంకా ఉంది," అన్నాను.

ఎక్కడ అయిపోతుందో ఆయనకు తెలియక కాదు. ఫోనులో వాన చప్పుడు వినబడుతోంది. అక్కడి వానో ఇక్కడి వానో తెలియలేదు.

"గోడ పక్కన పేము కుర్చీ ఉంది," అన్నాను. "దాని పక్కన స్టూలు. స్టూలు మీద ఒక ఆడమనిషి కూసోనుంది. రెండు కండ్లూ ఉండి కూడా ఏమీ చూడల్యా ఆ మనిషి. వాళ్లన్నను ఒక మాట అనేసింది. ఇప్పుడు ఏడుస్తా ఉంది."

"ఊఁ," అన్నాడు అన్న. "చెప్పు."