సిబ్బందికి ఒక బిళ్ళ

రోస్విత ఇంట్లో భోజనాల బల్ల ఒకటుంది. దాని మీద భోజనం చేసి పంతొమ్మిదేళ్ళయింది. ఆ బల్లని ఆమె భర్త ఓట్మార్ నోటుపుస్తకాలు ఆక్రమించుకున్నాయి. మొత్తం నలభై ఒకటి. భార్యాభర్తలిద్దరూ వంటింట్లో గట్టు పక్కన ఎత్తు పీటల మీద కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని సూపు తాగుతారు. అతిథులొస్తే సోఫాలో కూర్చోబెట్టి ప్లమ్ పళ్ళ కేకు చేతిలో పెడతారు. బల్ల వైపు ఎవరైనా చూస్తే రోస్విత గొంతు తగ్గించి, అక్కడ పరిశోధన జరుగుతోందని చెబుతుంది.

పరిశోధన దేని మీదంటే, వాళ్ళూరి జూదగృహంలో చక్రం తిప్పి, గోళీ ఏ అంకె మీద ఆగుతుందో పందెం కాసే మూడో నంబరు రూలెట్ బల్ల మీద. బాడ్ ఎర్లెంటాల్‌లో వేడినీటి ఊటలు కీళ్ళనొప్పులు తగ్గిస్తాయి, జూదగృహం జేబు బరువు తగ్గిస్తుంది. రెండూ నూటయాభై ఏళ్ళుగా ఎదురెదురు భవనాల్లో పనిచేస్తున్నాయి. ఓట్మార్ రైల్వేలో టైంటేబుళ్ళు రాసిన మనిషి. నిమిషం తేడా వస్తే నిద్రపట్టని రకం. మూడో బల్ల మీద రోజూ ఏ అంకె తర్వాత ఏ అంకె పడిందో ఆ జూదగృహమే అచ్చువేసి మర్నాడు అమ్ముతుంది. అది కొనుక్కొచ్చి, ఒక్కోటి అయిదు యూరోల పందెపు బిళ్ళలు రోజుకి వంద కాసినట్టు కాగితం మీద రాసుకుని, గెలుపోటములు లెక్కేసేవాడు. ఏడాదికి మూడు వందల రోజుల చొప్పున పంతొమ్మిదేళ్ళు. తన పద్ధతి ఓడిన నెలలో పద్ధతిని కొంచెం సవరించి, మొదటి పుస్తకం నుంచి మళ్ళీ లెక్క కట్టేవాడు. అలా కడితే ఎవరి పద్ధతైనా గెలుస్తుందని ఆయనకి చెప్పే సాహసం ఎవరూ చెయ్యలేదు.

కాగితం మీద ఆయన లాభం అక్షరాలా పన్నెండు వేల యూరోలు. పంతొమ్మిదేళ్ళకి పంచితే నెలకి యాభై పైచిలుకు. ఆ మాట రోస్విత ఒకసారి అంటే, అయిదు యూరోల బిళ్ళ బదులు అయిదు వందలది కాస్తే ఎంతవుతుందో చూసుకోమన్నాడు. ఆమె చూసుకోలేదు. బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళింది.

మరి కాగితం మీద కాకుండా ఆ పెద్దమనిషి నిజంగా ఎందుకు ఆడలేదు? అక్కడే ఉంది కిటుకు. ఆ జూదగృహంలో పనిచేసేవాళ్ళు గానీ, వాళ్ళ భార్యో భర్తో గానీ అక్కడ ఆడకూడదని నియమం. రోస్విత ఇరవై ఏడేళ్ళుగా అక్కడ అతిథుల పైకోట్లు అందుకుని కొక్కేలకి తగిలించి టోకెను ఇచ్చే చోట పని చేస్తోంది. ఓట్మార్‌కి ఆ నియమం దేవుడిచ్చిన వరంలా దొరికింది. కెఫేలో స్నేహితుల మధ్య కూర్చుని, మా ఆవిడ ఉద్యోగం లేకపోతే నేనీపాటికి కొండ మీద విల్లాలో ఉండేవాణ్ణని నిట్టూర్చేవాడు. స్నేహితులు అయ్యో పాపం అనుకుని కాఫీ ఇప్పించేవాళ్ళు. పక్క ఊళ్ళోనూ రూలెట్ ఉందిగా అని ఒకడు అడిగితే, ఆ చక్రాన్ని నేను అధ్యయనం చెయ్యలేదని కళ్ళు మూసుకున్నాడు. భార్య జీతంతో సూపు తాగుతూ, ఆ జీతమే తన అదృష్టానికి అడ్డమని చెప్పుకోగలగడం అందరికీ చేతనయ్యే పని కాదు.

రోస్విత విని తన పనికి వెళ్ళిపోయేది. ఇరవై ఏడేళ్ళు కోట్లు అందుకుని, కోట్లు తిరిగిచ్చిన మనిషికి జూదం గురించి ఒకరు చెప్పాలా? లోపలికెళ్ళేటప్పుడు అందరూ ఒకేలా వెళతారు. వచ్చేటప్పుడు తేడా. ఓడినవాడు టోకెను నంబరు రెండుసార్లు చూసుకుంటాడు, కోటైనా తనదే వస్తుందో రాదో అన్నట్టు. ఓడిన ప్రతిసారీ రెట్టింపు కాసే పళ్ళ డాక్టరుని ఆమె చూసింది. ఏడెనిమిది సార్లు వరసగా ఓడాక, ఆ బల్ల మీద ఇంతకు మించి కాయకూడదన్న హద్దు తగిలి, ఆయన తన టోపీ మర్చిపోయి వెళ్ళిపోయాడు. పుట్టినరోజు అంకెలు కాసేవాళ్ళని చూసింది, సున్నా పడ్డాక మాత్రమే లేచే వితంతువుని చూసింది. వీళ్ళందరికీ గుమ్మంలోనే జూదగృహం వాళ్ళు అంకెలు రాసుకోవడానికి అట్టముక్కా, పెన్సిలూ ఉచితంగా ఇస్తారు. తనని ఓడించే విద్య నేర్చుకోమని కొట్టువాడే పెన్సిలు చెక్కి ఇస్తున్నాడంటే ఆ విద్య ఎంత గొప్పదో ఆలోచించుకోవాలి కదా. ఆలోచించుకోవడానికి వాళ్ళకి తీరికేదీ, రాసుకుంటున్నారు.

అసలు సంగతి ఆమె తన కొక్కేల భాషలో అర్థం చేసుకుంది. చక్రంలో కొక్కేలు ముప్పై ఏడు. నువ్వు కాసిన అంకె తగిలితే వాళ్ళు ముప్పై ఆరు కొక్కేలకే లెక్కకట్టి ఇస్తారు. ఆ మిగిలిన ఒక్క కొక్కెం వాళ్ళది. నువ్వు నెమ్మదిగా ఆడు, జోరుగా ఆడు, నిలబడి ఆడు, తలకిందులుగా ఆడు, ఆ కొక్కెం ఎప్పుడూ వాళ్ళదే.

కిందటి మార్చి నెలాఖర్న రోస్విత రిటైరైంది. పూలగుత్తి ఇచ్చారు, ఆరు వేల యూరోలు ఇచ్చారు. కెఫే స్నేహితులు ఆమెకంటే ముందు ఓట్మార్‌ని అభినందించారు. ఇక నీకు అడ్డేముంది అన్నారు. ఆ రోజు ఆయన కాఫీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. ఏప్రిల్లో వసంతం చలి ఒంటికి పడదన్నాడు. మేలో సూటు బిగుతైందన్నాడు. రోస్విత సూటు వదులు చేయించి తెచ్చింది. జూన్లో నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు, చేతిలో పెట్టుబడి లేదని.

"రెండు వేలు నేనిస్తాను," అంది రోస్విత. "నాకు వచ్చినదాంట్లోంచే. పది మధ్యాహ్నాలు, రోజుకి వంద బిళ్ళలు, నీ పుస్తకంలో ఎలా ఉంటే అలా. చివరికి రెండు వేలకి పైన ఒక్క యూరో మిగిలినా మిగతా నాలుగు వేలూ నీకే, కొండ మీద విల్లా కట్టుకో."

"తగ్గితే?"

"తగ్గితే నా బల్ల నాకిచ్చెయ్. పుస్తకాలు ఇంట్లో ఉండకూడదు."

అన్నదే గానీ, ఆ రోజంతా ఆమెకి మనసు మనసులో లేదు. రెండు వేలు పోతాయని కాదు. పుస్తకాలు పోయాక ఈ మనిషిలో ఏం మిగులుతుందో ఆమెకి తెలీదు. పంతొమ్మిదేళ్ళు భరించిన పిచ్చి కూడా ఒక కాపరమే. దాన్ని కూల్చాలంటే భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ వెళ్ళారు. ప్రవేశ రుసుమూ, కోట్ల రుసుమూ రోస్విత తన సొంత పర్సులోంచి కట్టింది, తర్వాత లెక్కల్లో వంక దొరక్కుండా. తన చోట కొత్తగా వచ్చిన అమ్మాయి తన కోటే అందుకుని తనకే టోకెను ఇస్తుంటే ఆమెకి వింతగా అనిపించింది. ఇరవై ఏడేళ్ళు గోడకవతల నుంచి చప్పుళ్ళు వినడమే గాని, ఆ హాల్లో అతిథిగా అడుగుపెట్టడం అదే మొదలు.

మూడో బల్ల దగ్గర గోళీ తిప్పుతున్నది వెండెలిన్. రోస్వితతో పాటు పద్దెనిమిదేళ్ళు పనిచేసినవాడు. ఓట్మార్‌ని చూసి, కుర్చీ చూపించి, "ఎన్నాళ్ళకెన్నాళ్ళకి ఓట్మార్ గారూ, మీరొస్తే మా ఉద్యోగాలు పోతాయని బెంగగా ఉండేది," అన్నాడు. ఓట్మార్ గంభీరంగా తలాడించాడు. వేళాకోళమని ఆయనకి తట్టలేదు.

ముప్పై ఒకటో బిళ్ళకి పదిహేడు పడింది. ఓట్మార్ కాసిన అంకే. వెండెలిన్ బిళ్ళల దొంతరని కర్రతో ఆయన ముందుకి తోసి, చెయ్యి అలాగే ఒక క్షణం ఆపాడు. ఓట్మార్ దొంతరలోంచి ఒక బిళ్ళ తీసి వెనక్కి జరిపి, "సిబ్బందికి ఒకటి," అన్నాడు. బల్ల దగ్గరున్న ఉద్యోగులందరూ ఒక్కసారే "ధన్యవాదాలు" అన్నారు. బిళ్ళ బల్లలోని చీలికలో టక్కుమని పడింది. తర్వాత ఓట్మార్ పుస్తకం తెరిచి, గెలిచినది ముప్పై అయిదు, కాసిన బిళ్ళ ఒకటి, మొత్తం ముప్పై ఆరు అని నీటుగా రాసుకున్నాడు.

వెనక నిలబడ్డ రోస్విత ఆ ముప్పై ఆరు చూసింది. మర్చిపోయాడేమో, ఇంటికెళ్ళాక దిద్దుతాడేమో అనుకుంది. దిద్దలేదు. ఆ ఊళ్ళో అంకె తగిలినవాడు సిబ్బందికి బిళ్ళ ఇవ్వకపోవడమంటే పలకరించినవాడికి బదులు చెప్పకపోవడమే. ఎవరూ ఆలోచించి ఇవ్వరు, చెయ్యే ఇచ్చేస్తుంది. నమస్కారం పెట్టినందుకు ఎవరైనా పద్దు రాస్తారా? ఓట్మారూ రాయలేదు. పంతొమ్మిదేళ్ళ పుస్తకాల్లోనూ ఆ గడి లేదు. రోస్వితకి నవ్వొచ్చింది, వెంటనే జాలేసింది. చెబుదామనుకుని ఆగింది. ఒప్పందం ఒప్పందమే. ఇరవై ఏడేళ్ళు కోట్ల నంబర్లు బుర్రలో మోసిన మనిషికి ఈ లెక్క బరువు కాదు. తర్వాత నుంచి ప్రతి "ధన్యవాదాలు" లెక్కపెట్టుకుంది.

పది మధ్యాహ్నాలు గడిచాయి. వెయ్యి బిళ్ళలు కాశాడు. మూడో రోజుకి ముఖం పాలిపోయింది, ఆరో రోజుకి ఛాతీ విరుచుకుని నడిచాడు, ఎనిమిదో రోజు ఒక్క అంకైనా తగలక ఇంటికొచ్చి సూపు ముట్టకుండా పడుకున్నాడు. పదో రోజు చివరికి ఇరవై ఎనిమిదోసారి తగిలింది. ఇంటికొచ్చి బల్ల మీద కూడికలు వేసుకుని, పెన్సిలు కింద పెట్టి, చాలా ఏళ్ళకి భార్య చెయ్యి పట్టుకున్నాడు. వెయ్యి కాస్తే వెయ్యీ ఎనిమిది తిరిగొచ్చాయి. ఎనిమిది బిళ్ళల లాభం. నలభై యూరోలు.

"గెలిచాను, రోస్విత," అన్నాడు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో ఆమెకే తెలుసు.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగి, డబ్బు సంచీ బల్ల మీద గుమ్మరించాడు. రెండు వేల నలభై ఉండాలి. పద్దెనిమిది వందల తొంభై అయిదు ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి నోట్లన్నీ ఒకే ముఖం పైకి తిప్పి లెక్కపెట్టాడు, అలా తిప్పితే పెరుగుతాయేమోనని. నూట నలభై అయిదు తక్కువ. పుస్తకం తప్పు కాదు, పుస్తకం తప్పయ్యే ప్రసక్తే లేదు. టైంటేబుల్లో లేని చోట రైలు ఆగిందంటే ఎవరో గొలుసు లాగి ఉండాలి. తల ఎత్తి భార్య వైపు చూశాడు.

"సంచీలోంచి కూరగాయలకి ఏమైనా తీశావా?" అని అడిగాడు.

రోస్విత చేతిలోని గిన్నె గట్టు మీద పెట్టింది. ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏడేళ్ళలో ఊరి వాళ్ళు కోటు జేబుల్లో ఎంతెంత డబ్బు మర్చిపోతే అంతా చేతికి తిరిగిచ్చిన మనిషి ఆమె.

"ఎన్నిసార్లు తగిలింది నీకు?"

"ఇరవై ఎనిమిది."

"ఆ ఇరవై ఎనిమిది సార్లూ ఏమన్నావు?"

ఓట్మార్ ఆమె వంక అయోమయంగా చూశాడు. ఏమన్నానో గుర్తు తెచ్చుకోవడానికి ఆయన చెయ్యే ముందు కదిలింది. వేళ్ళు బల్ల మీద లేని బిళ్ళనొకదాన్ని మెల్లగా వెనక్కి జరిపాయి. జరిపి, అక్కడే ఆగిపోయాయి.

"అవే నూట నలభై," అంది రోస్విత. "ఆ చీలికలో పడ్డ బిళ్ళలన్నీ ఎక్కడికి పోతాయనుకున్నావు? నెల తిరిగేసరికి వెండెలిన్ జీతం. కోట్ల దగ్గరి పిల్ల జీతం. మొన్నటిదాకా నా జీతం. నా ఉద్యోగం నీకు అడ్డమొచ్చిందని ఊరంతా చెప్పుకున్నావు కదా ఓట్మార్, ఇన్నేళ్ళు నువ్వు తిన్న ఉప్పు నీలాంటి మేధావులు లెక్క రాయడం మర్చిపోయిన బిళ్ళల్లోంచే వచ్చింది."

ఆయన నోట్లని మళ్ళీ దొంతరగా సర్దాడు. తర్వాత, రైల్వే మనిషి రైల్వే మనిషే కాబట్టి, చిన్న గొంతుతో అడిగాడు.

"మరి మిగతా అయిదు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక ఆమెకి లేదు. చెప్పులేసుకుని బ్రెడ్డు కొనడానికి వెళ్ళిపోయింది. నది గట్టున అవసరం లేకపోయినా రెండుసార్లు తిరిగింది. కొంచెం నిర్దయగా మాట్లాడానా అనుకుంది. కాదు, తక్కువే మాట్లాడాననుకుంది. ఇంటి మెట్ల మీద మాత్రం ఒకసారి ఆగి బ్రెడ్డు చెయ్యి మార్చుకుంది.

ఓట్మార్ ఈలోగా పంతొమ్మిదేళ్ళ లెక్కకి కొత్త గడి గీశాడు. కాగితం మీద పదిహేను వేల తొమ్మిది వందల సార్లు తగిలింది. అన్ని బిళ్ళలూ సిబ్బందికి పోగా, పన్నెండు వేల లాభం కాస్తా అరవై ఏడున్నర వేల నష్టమయింది. ఆ అంకెని ఆయన రెండుసార్లు సరిచూసుకున్నాడు. తర్వాత లేచాడు.

రోస్విత తలుపు తీసేసరికి నలభై ఒక్క పుస్తకాలూ పురికొసతో కట్టలు కట్టి గుమ్మం పక్కన ఉన్నాయి, పాత కాగితాలు ఎత్తుకెళ్ళే బండి వచ్చే రోజుకి సిద్ధంగా. బల్ల తుడిచి ఉంది. పంతొమ్మిదేళ్ళ పెన్సిలు మసి పూర్తిగా పోలేదు గాని బల్లేనని తెలుస్తోంది. రెండు పళ్ళాలు, రెండు చెంచాలు. ఓట్మార్ సూపు వేడి చేసి కొంచెం మాడబెట్టాడు కూడా.

ఇద్దరూ కూర్చున్నారు. చాలా ఏళ్ళకి ఎదురెదురుగా. ఎక్కడ చూడాలో ఇద్దరికీ తెలియలేదు. కొంతసేపటికి ఓట్మార్ తన సూటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. డబ్బుగా మార్చుకోవడం మర్చిపోయిన అయిదు యూరోల బిళ్ళ ఒకటి తీశాడు.

"లైనింగులోకి జారింది," అన్నాడు. "లెక్క సరిపోయింది."

దాన్ని బల్ల మీద పెట్టి, రెండు వేళ్ళతో ఆమె పళ్ళెం దాకా జరిపాడు.

"సిబ్బందికి ఒకటి."

ఇరవై ఏడేళ్ళూ ఆ మాట రోస్విత గోడకవతల నుంచే విన్నది. ఆమె వాటా నెలకోసారి కవర్లో వచ్చేది. చేత్తో జరిపి ఆమెకి ఎవరూ ఇవ్వలేదు, కోట్ల దగ్గరికి వచ్చేసరికి అందరి బిళ్ళలూ డబ్బుగా మారిపోయేవి. బిళ్ళ మీద వేలు పెట్టి తన వైపు లాక్కుంది. మూడో బల్ల దగ్గర అందరూ కలిసి అన్నంత గట్టిగా, "ధన్యవాదాలు," అంది.