పళ్ళపొడి పాట

ఆ పళ్ళపొడి జీపు తండాలోకి రాకపోయినా బాగుండేది. బూర్గంపాడు సంత నుంచి దారి తప్పి వచ్చిందో, కావాలనే వచ్చిందో, మైకు పెట్టి పొద్దంతా ఒకటే పాట: "తెల్లతెల్లని పళ్ళపొడీ, తళతళలాడే నవ్వుల పొడీ." అది ఎనభై ఒకటో సంవత్సరం. తండాలో అందరివీ వేపపుల్లలే. పొడి ఒక్కరూ కొనలేదు గానీ పాట మాత్రం అందరికీ అంటుకుంది.

అంటుకుంటే అంటుకుంది, పూలి పట్టించుకునేది కాదు. కానీ ఐదు రోజుల్లో కూతురు బాలి పెళ్ళి. లంబాడీ పెళ్ళికూతురు అత్తవారింటికి కదిలేటప్పుడు అమ్మ మెడా నాన్న మెడా పట్టుకుని రాగం తీసి ఏడవాలి. ఆ ఏడుపు పాట ఎంత బాగుంటే పుట్టింటికి అంత పేరు. సరిగా ఏడవకపోతే మగపెళ్ళివాళ్ళు, పాపం ఈ పిల్లకు ఇంట్లో ముద్దూ మురిపెం లేవు కాబోలు అనుకుంటారు. పూలి తన పెళ్ళిలో ఏడ్చిన ఏడుపును తండా ఇరవై ఏళ్ళయినా చెప్పుకుంటోంది. అలాంటి పూలి కూతురు, నేర్పడానికి కూర్చోబెడితే, "యాడీ..." అని అమ్మను పిలిచి మొదలుపెట్టి, రెండో ముక్కకే పళ్ళపొడిలోకి జారిపోతోంది.

"గదేంది బిడ్డా, ఏడ్వమంటే గంతులేస్తున్నవ్?"

"నేనేం జేయాలె యాడీ. నోరు తెరిస్తే గదే వస్తున్నది."

పూలి దాని చెవుల్లో దూది పెట్టింది. వేపాకు రసం తాగించింది. లాభం లేక మొగుడు దేవ్‌సింగ్‌కు మొరపెట్టుకుంటే, అతడు నాగలి చెక్కుతూ శ్రద్ధగా విని, "నువ్వు ఊకె పరేషాన్ గాకు" అని, అదే పాట ఈల వేస్తూ పనిలో పడ్డాడు. పూలికి ఒళ్ళు మండిపోయింది.

కదిలే ఘడియ రానే వచ్చింది. గోదావరి అవతల, పర్ణశాల వైపు నుంచి వచ్చిన మగపెళ్ళివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బాలి అమ్మ మెడ పట్టుకుని నోరు తెరిచింది. పూలి భయపడినంతా అయింది. రాగం అదే. కానీ మాటలు పళ్ళపొడివి కావు:

"పొద్దున లేపే యాడీ లేదూ, జడలో చిక్కులు తీసేదెవరూ..."

నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. చిక్కులు తీస్తూ తాను వేసిన మొట్టికాయలన్నీ గుర్తొచ్చి పూలి బావురుమంది. దేవ్‌సింగ్ తలపాగాలో మొహం దాచుకున్నాడు. వియ్యపురాలు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "గిట్ల ఏడ్చిన పిల్లను నేనేడ చూడలే" అంది.

నెల తర్వాత జీపు మళ్ళీ వచ్చింది. మైకు మొదలైందో లేదో, పూలి బిందె దించి అక్కడే కూలబడి ఏడ్చింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ అందుకున్నారు. జీపువాడు హడలిపోయి మైకు కట్టేశాడు.

"ఆపకు తమ్మీ," అంది పూలి కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకొక్కసారి పెట్టు."