వెనక్కి తిప్పిన గొంతు

అమ్మమ్మ ఫిబ్రవరిలో చనిపోయింది. అప్పటినుంచి నేను ఎనిడ్ పిన్ని ఇంట్లో ఉంటున్నాను. రికార్డు మే నెలలో వచ్చింది.

కిందటి వేసవిలో లండన్ నుంచి ముగ్గురు పాటగాళ్ళు వచ్చి మా లోయలో పాత పిండిమర అద్దెకు తీసుకున్నారు. వాళ్ళలో మఖ్మల్ కోటు జూలియన్, టేపు యంత్రం మోసుకొచ్చి మా వంటింట్లో అమ్మమ్మ చేత గొర్రెలకాపరి పాట పాడించుకున్నాడు. రికార్డు వేశాక పంపుతానన్నాడు. ఆ టేపులో తప్ప ఆమె గొంతు మరెక్కడా లేదు. అందుకే మూడు నెలలుగా పోస్టు కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాను.

రికార్డు అట్ట మీద పుట్టగొడుగుల మధ్య కళ్ళున్న సూర్యుడు. సిరిల్ బాబాయి టీ తాగుతూ విన్నాడు.

"సితార్ వాయిస్తున్నారా, పిల్లిని పిండుతున్నారా?"

"మీరు చర్చిలో పాడేదానికంటే నయమే," అంది పిన్ని. "ఏమే విన్నీ, మా అమ్మ గొంతు ఎక్కడే ఇందులో?"

పాట అమ్మమ్మదే. పాడింది వేరే అమ్మాయి. నడుమ ఎవరో నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు ఒక గొంతు వచ్చిపోయింది.

జూలియన్ ఉత్తరం కూడా పెట్టాడు. "మీ అమ్మమ్మ మాటలు వెనక్కి తిప్పి వాడాం. కళ్ళు మూసుకుంటే రంగులు కనిపిస్తాయి. టేపులు చాలక, అసలుదాని మీద వేరే పాట ఎక్కించేశాం."

పిన్నీ బాబాయీ పాలు పితకడానికి వెళ్ళాక గ్రామఫోను మోటారు ఆపాను. ఆ మునిగిన గొంతు వచ్చిన చోట ముల్లు పెట్టి, వేలితో రికార్డును ఎదురు దిక్కుకు తిప్పాను.

"తలుపు వెయ్యి నాయనా, కోళ్ళు లోపలికొస్తాయి."

జూలియన్‌తో అన్న ఆ మాట, అంతే ఉంది. మళ్ళీ తిప్పాను. వేలు తొందరపడితే అమ్మమ్మ నా ఈడు పిల్ల అయిపోయేది. నెమ్మదిస్తే బాబాయిలా బొంగురుపోయేది. డెబ్బై ఆరేళ్ళ అమ్మమ్మ ఏ వేగంలో ఉందో నా వేలికి తెలియడం లేదు. ఒక్కసారి మాత్రం, "నాయనా" అన్నంతసేపు, అచ్చంగా ఆమే. ఆ వేగం మళ్ళీ దొరకలేదు.

తిప్పినకొద్దీ గరగర ఎక్కువవుతోంది. కోళ్ళ మాట అప్పుడే అరిగిపోయింది. ఇక ఆపాలని తెలుసు.

పెరట్లో పిన్ని బకెట్లు దించిన చప్పుడు వినిపించింది. ఇంకొక్కసారి తిప్పాను.