మూత కింద రబ్బరు రింగు

కొట్టం తలుపు తోసి లోపల అడుగు పెట్టగానే చిజూరు కాలు జర్రున జారింది. తలుపు వారన నేల మీద అద్దంలాంటి మంచు పొర. నిన్న పొద్దుగూకేటప్పుడు అది లేదు. తడి ఎక్కణ్నించి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే ఆమె చూపు వడపోత పీపా దగ్గర ఆగింది. పీపా మూత చుట్టూ చెమట పట్టినట్టు బొట్లు. ఒక పక్కనుంచి దారమంత ధార, ఆగకుండా. తొట్టిలో నీళ్లు జానెడు దిగిపోయాయి.

తొట్టి అడుగున పెద్దామె కదలకుండా ఉంది.

తెల్లటి ఒళ్లు, వీపు మీద మూడు ఎర్రటి మచ్చలు, చేయంత పొడుగు. అందం కోసం పెంచే ఆడ కోయి చేప. మామగారు తొమేజి దాన్ని పెద్దామె అంటాడు కాబట్టి ఆ ఇంట్లో అందరికీ అది పెద్దామే. వెనకటి భూకంపానికి కొండ మీద చెరువులు పగిలిపోయి, ఊరి చేపలన్నీ బురదలో కొట్టుకుని చచ్చినప్పుడు తొమేజికి ఒక్క తల్లి చేప మిగిలింది. దాని కూతురు ఇది. తొమేజి తాతల నాటి ఎరుపు ఇప్పుడు దీని ఒంటి మీద తప్ప ఇంకెక్కడా లేదు. వయసు మళ్లింది. మంచు కరిగి ఎండలు తగిలాక ఒక్కసారి గుడ్లు పెడితే ఆ ఎరుపు ఇంకో తరం బతుకుతుంది. ఈలోపల పోయిందా, వంశం నిర్వంశం.

చిజూరు పరుగున ఇంట్లోకెళ్లి మామగారికి చెప్పింది. ఆయన తాగుతున్న పులుసు గిన్నె అక్కడే వదిలేసి, మెడకి కట్టిన చేతిని గుండెకి అదుముకుని కొట్టంలోకొచ్చాడు. పోయిన వారం ఇంటికప్పు మీద మంచు తోస్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చిజూరు మొగుడు మసానోరి రోడ్ల మీద మంచు తీసే బండి నడుపుతాడు. కనుమ దగ్గర మంచుచరియ విరిగిపడి దారి మూసుకుపోవడంతో రాత్రినుంచీ అవతలే ఉండిపోయాడు. పీపా సామాన్లు పంపే కొట్టు వాడొచ్చే దారీ అదే. అంటే ఇంట్లో ఉన్న చేతులు మొత్తం మూడు. అందులో రెండు చిజూరువి.

తొమేజి మూత అంచు మీద వేలు ఆనించి, ధార ఎక్కడ మొదలైందో అక్కడ ఆపాడు. లోపల రబ్బరు రింగు అరిగిపోయిందని, గంట గంటకీ ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదని చెప్పాడు. కుక్కరు మూతకి ఉండే రింగులాంటిదే అది, కాకపోతే బండి చక్రమంత ఉంటుంది.

పోయిన నీళ్లు పోయాయి, కొత్త నీళ్లు పోస్తే సరిపోదా అనడానికి లేదు. కొండ మీంచి వచ్చే గొట్టంలో ఇప్పుడు దిగేది మంచు కరిగిన నీళ్లు. ఆ చలి ఒక్కసారిగా తగిలితే పెద్దామె పక్కకి ఒరిగిపోతుంది. పోనీ మోటారు ఆపి తీరిగ్గా బాగుచేద్దామన్నా కుదరదు. పీపా లోపల నీళ్లు వడకట్టే కుచ్చుల్లో కంటికి కనపడని ప్రాణం ఉంటుంది. నీళ్లలో చేప విడిచిన విషాన్ని తినేది అదే. నీటి పారుదల ఆగితే దానికి ఊపిరాడదు. చీకటి పడేదాకా ఆగితే అది చచ్చి కుళ్లుతుంది, ఆ నీళ్లు మళ్లీ తొట్టిలోకి వదిలితే మన చేత్తో మనం విషం పోసినట్టే. చేపల్ని ఎవడైనా పెంచుతాడు, నీళ్లని పెంచడమే విద్య అని తొమేజి రోజూ అనే మాట. ఇవాళ అనలేదు. అందుకే చిజూరుకి ఎక్కువ భయం వేసింది.

అదృష్టం, పనిముట్ల పెట్టెలో కొత్త రింగు ఒకటుంది. పాత పేపర్లో చుట్టి పెట్టిన దాన్ని విప్పితే నల్లగా నిగనిగలాడుతోంది. ఇంక చూడ్డానికేముందని చిజూరు మోటారు ఆపింది. ఎప్పుడూ వినపడే ఆ గురగుర ఆగిపోయేసరికి కొట్టానికి ఒక్కసారిగా చెవుడొచ్చినట్టయింది. తొట్టిలోకి గాలి కొట్టే బుడగల చప్పుడొక్కటే మిగిలింది.

మూత కట్లు విప్పి, గాడిలోంచి పాత రింగు లాగితే అది వేళ్లలోనే రెండు ముక్కలైంది. సరే, ఎలాగూ పారేసేదేగా అనుకుంది. గాడి తుడిచి, కొత్త రింగు ఒకచోట ఆనించి, చుట్టూ అదుముకుంటూ వచ్చింది. వచ్చి వచ్చి చివర్న ఆగింది. వేలు పొడుగు రబ్బరు మిగిలిపోయి, గాడిలో ఇమడకుండా పైకి ఉబ్బి నిలబడింది. అదిమితే ఇంకోచోట లేచింది. అక్కడ అదిమితే మళ్లీ ఇక్కడ.

"కొలత తప్పు పంపాడా?" అన్నాడు తొమేజి.

తప్పు కాదు. రింగు మీద అచ్చు వేసిన అంకె, పాత ముక్క మీది అంకె ఒకటే. చిజూరు రింగుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కత్తులకి రాసే నూనె వాసన.

ఏడాది చివర్న ఇల్లంతా దులిపాక పనిముట్లు కడిగి, ఆరబెట్టి, కమేలియా గింజల నూనె రాసి, వరసగా పేర్చి, వాటి ముందు బియ్యపు ముద్దలు పెట్టి దణ్ణం పెట్టుకోవడం ఆ ఇంటి ఆచారం. కొడవళ్లు, గడ్డపార, చేపల వల పిడి, మంచు పార, అన్నీ. ఏడాదంతా మనకి ఒళ్లు వంచింది ఏదీ పొడిగా ఉండకూడదంటాడు తొమేజి. పోయిన నెల నూనె గుడ్డ చిజూరు చేతిలోనే ఉంది. ఈ రింగింకా ఏ పనీ చెయ్యలేదు కదా మామయ్యా అని ఆమె అడిగింది కూడా. కొత్త కోడలికి మాత్రం పండగ ఉండదా అని ఆయన నవ్వి, దానికీ రాయమన్నాడు. ఇనుముకి నూనె ఆయుష్షు. ఈ రబ్బరుకి నూనె జలోదరం. నెలరోజులు పేపర్లో పడుకుని తాగినంత తాగి ఉబ్బింది.

"మామయ్యా, దీనికి మనం నూనె రాశాం."

తొమేజి మంచి చేత్తో ఓసారి మొహం తుడుచుకున్నాడు. "నేను రాయమన్నాను," అన్నాడు చివరికి. "నువ్వు అడిగావు కూడా."

ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చింది గానీ ఏడ్చే తీరికేదీ. పక్కింటి యసాకుకి ఫోన్ చేసింది. యసాకు, తొమేజి ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. అప్పట్నించీ ఇద్దరిదీ ఒకటే పోటీ, ఎవరి ఎరుపు ఎర్రనా అని. ఆయన దగ్గరున్న పీపాలు వేరే రకం, ఈ రింగు దొరకదు. అయినా మంచు చెప్పులు కట్టుకుని, బల్లబండి మీద నీళ్ల తొట్టీ, వలా వేసుకుని ఈడ్చుకుంటూ వచ్చాడు. భుజాల మీద మంచు దులపకుండానే పీపాలోకి తొంగిచూశాడు.

"రబ్బరుకి నూనె పెట్టి తలంటావా ఒరే? జడ కూడా వెయ్యకపోయావా?"

"ఎగతాళి తర్వాత," అన్నాడు తొమేజి. "ఆ తొట్టి ఎందుకు తెచ్చావ్?"

ఎందుకో ముగ్గురికీ తెలుసు. పెద్దామెని తీసుకెళ్లి తన నీళ్లలో పెట్టుకుంటానని యసాకు వచ్చాడు. ఆ ఊళ్లో ఒకరి తొట్టిలో చేపని ఇంకొకరి తొట్టిలో వెయ్యరు. ఎవరి నీళ్ల జబ్బు వాళ్ల చేపలకి అలవాటై ఉంటుంది, కొత్తగా వచ్చిన దాన్ని అది ముంచేస్తుంది. తొమేజి కుదరదన్నాడు. చిజూరు బతిమాలింది. ఇక్కడుంటే చావు ఖాయం, అక్కడైతే అనుమానమేగా అంది. ఆయన యసాకు వైపు చూశాడు.

"నువ్వు చెప్పు. నీ నీళ్లయితే నువ్వేం చేస్తావ్?"

యసాకు చలికి ఎర్రబడ్డ ముక్కు తుడుచుకున్నాడు. "మా తొట్టిలో ఈ శీతాకాలం రెండు చేపలకి పుండ్లు లేచాయి," అన్నాడు. "మానాయిలే. కానీ ఏం పుండ్లో నాకు తెలీదు. నేనైతే వెయ్యను. చీకటి పడేదాకా చూసి, వేరే దారి లేకపోతే వేస్తాను."

తన నీళ్లలో జబ్బుందని ఆ ఊళ్లో ఎవడూ నోరు విప్పి చెప్పడు. తొమేజి తల ఊపాడు. చీకటి పడేదాకా అన్న మాట ముగ్గురి మధ్యా నిలబడింది. కిటికీ మీద మంచు మేటలు వేసి, అప్పుడే వెలుగు బూడిద రంగుకి తిరుగుతోంది.

చిజూరు రింగుని వేడినీళ్లలో సబ్బేసి రుద్దింది. జిడ్డు పోయింది, పొడుగు తగ్గలేదు. కత్తిరించి అతికిద్దామన్నాడు యసాకు. అతుకు దగ్గరే మళ్లీ కారుతుందన్నాడు తొమేజి. ఆమెకి ఊపిరి సలపక తలుపు తీసి బయట నిలబడింది. మంచులో పాతిన ముల్లంగి దుంపలు తీయడానికి రోజూ తవ్వే గుంత కాళ్ల ముందే ఉంది. చలికి తన పెళ్లి ఉంగరం వేలి చుట్టూ వదులుగా తిరుగుతోంది. వేలు ముడుచుకుంది. చలికి ఏదైనా ముడుచుకుంటుంది.

మంచుకి ఉప్పు కలిపితే చలి రెట్టిస్తుందని సముద్రపు ఒడ్డున పుట్టిన దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ల అమ్మ చేపల గంపలు అలాగే సర్దేది. పచ్చళ్లకి దాచిన ఉప్పు సంచీ తెచ్చి, బకెట్లో మంచూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, రింగుని మధ్యలో చుట్టచుట్టి కప్పెట్టింది. చేపని తినే ఊరి ఉపాయం ఇదని యసాకు గొణిగాడు. పని చేస్తే రోజూ తిందువు గానీ అంది చిజూరు, ఆయన మొహం చూడకుండానే.

కాసేపాగి తీస్తే రింగు కట్టెలా బిగుసుకుంది. కొలిస్తే గాడికి సరిపోయేట్టే ఉంది. ఆత్రంగా అదుముకుంటూ వచ్చింది. కానీ సగం చుట్టేసరికి తన చేతుల వేడికే రబ్బరు మెత్తబడింది, చివర్న మళ్లీ ఉబ్బెత్తు లేచింది. ఆమె పళ్లు కొరుక్కుంది. తొట్టిలో పెద్దామె పైకొచ్చి, నోరు నీటి అంచుకి పెట్టి, ఒకసారి తెరిచి మూసింది. అది మంచి గుర్తు కాదు. ముగ్గురూ చూశారు.

రెండోసారి ఎక్కువ ఉప్పేసింది. పీపా గాడి చుట్టూ కూడా మంచు మెత్తింది. ఈసారి చేతులు తగలనివ్వకుండా అన్నం గరిటెలతో అదమాలని చెప్పింది. రింగు మొదట ఆనించిన చోట తొమేజి తన మంచి చేత్తో గరిటె నొక్కి పట్టుకున్నాడు. చెరో పక్కనుంచి చిజూరు, యసాకు అదుముకుంటూ వచ్చారు. అవతల ఇద్దరి గరిటెలూ ఎదురెదురయ్యాయి. మధ్యలో బొటనవేలంత ఉబ్బు. ఇద్దరూ ఒక్కసారే నొక్కారు. టక్కున లోపలికి దిగింది.

"మూత!" అంది చిజూరు.

మూత దించి, కట్లు ఎదురెదురుగా బిగించారు. మోటారు వేసేముందు తొమేజి ఆపాడు. పీపా అడుగు గొట్టం కొంచెం తిప్పి, లోపల నిలవున్న నీళ్లు అరచేతిలో పట్టి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. నాలిక్కి తగిలించుకున్నాడు. కుళ్లుంటే రింగు బిగిసినా దండగే.

"మట్టి వాసనే," అన్నాడు. "ఇంకా బతికే ఉంది. ముందు ఓ రెండు బకెట్లు బయటికి పారబొయ్యి, తర్వాత వదులు."

మోటారు గురగుర మొదలైంది. మూత చుట్టూ తడి ఊరి, ఒకచోట బొట్టు కట్టింది. బొట్టు బరువెక్కింది, జారింది. దాని వెనక ఇంకోటి రావాలి. రాలేదు. లోపల రబ్బరు వేడెక్కుతూ, తాగిన నూనెంతా కూడగట్టుకుని, గాడినిండా ఒళ్లు విరుచుకుంటున్నట్టుంది. ఈ బిగువు ఎన్నాళ్లుంటుందో తెలీదు, దారి తెరవగానే కొత్తది తెప్పించి మార్చాలన్నాడు తొమేజి. అప్పటిదాకా వంతులేసుకుని కాపలా కాయాలన్నాడు. ఇంటికెళ్లమని ఎవరూ అనకముందే యసాకు తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు.

గొట్టంలోంచి నీళ్లు తొట్టిలోకి దూకసాగాయి. పెద్దామె మూలన అడుగుకి దిగి, రెక్కలు ఒంటికి హత్తుకుని ఉంది. తొమేజి తొట్టి గట్టు మీద వంగి, విరిగిన చెయ్యి సంగతి మర్చిపోయి ఆనుకోబోయి, మూలిగి లేచాడు. నీళ్లు చేరగా చేరగా ఆ పారుదల మూల దాకా పాకింది. పెద్దామె కుడి రెక్క విప్పింది. చాలాసేపటికి ఎడమది. ఆ తర్వాత మెల్లగా, ముసలామె పక్క మీద అటు తిరిగినట్టు తిరిగి, వచ్చే నీటికి ఎదురు మొహం పెట్టి నిలబడింది.

చిజూరు ఇవేవీ సరిగ్గా చూడలేదు. మూత అంచు మీద అరచెయ్యి పరిచి, పొడిగా ఉందో లేదో తెలుసుకుంటూ నిలబడింది. పొడిగానే ఉంది. అయినా చెయ్యి తీయడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.