లారీకి ఐసు పెట్టిన రోజు

పుదుచ్చేరిలో చలికాలం అంటే ఫ్యాను నాలుగు నుంచి మూడుకు తగ్గించుకునే కాలం. అలాంటి ఊళ్ళో కాపురమున్న లారీని తీసుకెళ్ళి ఊటీ కొండ మీద నిలబెడితే ఏమవుతుంది? మంచు చూడగానే మంచమెక్కింది.

గోవిందరాజన్ లారీ అంతకుముందు కొండ మొహం చూసి ఎరగదు. బాహూరు వడ్లు మోసింది, విల్లుపురం ఇటుకలు మోసింది. ఆ బాడుగలన్నీ చిన్న వ్యాన్లు ఎగరేసుకుపోయాక, పెద్ద మార్కెట్టులో అందరూ మొదలాళి అని పిలిచే కూరగాయల షావుకారు రవిచంద్రన్ కబురు పెట్టి ఊటీ క్యారెట్లు తెమ్మన్నాడు. గోవిందరాజన్ ఎగిరి గంతేశాడు. లారీ మాత్రం గంతు వేయలేదు. కొండ మీద తెల్లారి తాళం తిప్పితే దగ్గింది, తుమ్మింది, గొంతు సవరించుకుంది, కచేరీ మాత్రం మొదలుపెట్టలేదు. ఎలాగో లేచాక తెల్లటి పొగ కక్కుతూ, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకమంటూ కదిలింది. ఘాటు రోడ్డు మీద ఆ పొగ ఘాటుకు వెనక బస్సువాళ్ళు తిట్టిన తిట్లు ఇంకా ఘాటు. రెండు ట్రిప్పులూ ఇదే తంతు. రెండుసార్లూ సరుకు మార్కెట్టు ముగిశాక చేరింది.

"ఇంకోసారి పంపాలంటే నీ బండి మీద నాకు నమ్మకం రావాల," అన్నాడు రవిచంద్రన్. "సాయంత్రం వచ్చి చూస్తా. బాగుంటే నువ్వు పో. లేకుంటే పవన్‌కుమార్ బండి పంపిస్తా."

అంతటితో అయిపోతే బాగుండేది. గోవిందరాజన్ భార్య లోకేశ్వరి దాని మీద ఇంకో మాట వేసింది. "ఈ బాడుగ గూడా పోతే బండి అమ్మేసేదే. మా అమ్మ అంగట్లో కూర్చో. నీడపట్టున ఉంటావు."

అత్తగారు అమ్మాయమ్మది మ్యాచింగు జాకెట్టు గుడ్డల అంగడి. చీర కొంగు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళకు ఆ రంగుకు ఈ రంగు జతచేసి ఇవ్వాలి. గోవిందరాజన్‌కు తెలిసిన రంగులు మూడే. అవి కూడలిలో స్తంభానికి వేలాడుతుంటాయి. గేర్లు మార్చిన చేతులతో ఇక జన్మంతా జాకెట్లు మార్చాలన్న ఊహకే అతనికి వెన్నులో చలి పుట్టింది. అదీ పుదుచ్చేరిలో!

బండిని గోరిమేడు రోడ్డులో బామ్మర్ది యోగానంద్ షెడ్డులో పెట్టాడు. మెకానిక్కు అన్న మాటలో మెక్కడం ఎందుకుందో, అక్క పంపే క్యారియర్ ముందు యోగానంద్‌ను చూస్తే తెలుస్తుంది. అయినా పనివాడే. పొద్దుటి నుంచీ ఏ ముక్కనూ వదల్లేదు.

"బావా, డీజిలు ఫిల్టరు మార్చినా. ఇంజెక్టర్లు ఊడదీసి చూపించుకోని వచ్చినా. బ్యాటరీ గుర్రం మాదిరి ఉండాది. బండికి ఏం లేదు. నీకే ఏమో ఉండాది."

"నాకా? అంత పొగ నేను వదిల్నానా?"

"బీడీ మానేసినావా ఏంది, లేకుంటే?"

నిజమే, లారీ ఇక్కడ నడుస్తున్న తీరు చూస్తే గోవిందరాజన్‌నే అనుమానించాలి. తాళం అలా తిప్పగానే ఇలా లేస్తోంది. పొగా లేదు, పొగరూ లేదు. పెళ్ళిచూపులకు కూర్చున్న పిల్లలా తల వంచుకుని గుడగుడలాడుతోంది. పక్కనే తన లారీకి గ్రీజు పెట్టించుకుంటున్న పవన్‌కుమార్ యానాం నుంచి ఈ మధ్యే వచ్చినవాడు. అడగకపోయినా సలహా ఇచ్చాడు.

"డీజిలు పేరుకుపోయుంటాదండి. చలికి మా యానాంలో కొబ్బరినూనె అలాగే అయిపోద్దండి."

"పేరుకుంటే బండి లేవనే లేవదు గదప్పా. ఇది లేచి ఏడస్తావుండాది," అన్నాడు యోగానంద్.

"అయితే నరదిష్టండి," అన్నాడు పవన్‌కుమార్, తన రెండో విద్య కూడా దాచుకోకుండా.

గోవిందరాజన్ తల పట్టుకున్నాడు. జబ్బేమో ఊటీలో, వైద్యుడేమో గోరిమేడులో. రోగి ఇక్కడ జ్వరం చూపించదు. సాయంత్రం లోపల ఎవడు నయం చేస్తాడు? "చలిలోనే గదా దీనికి రోగం. ఇప్పుడు చలి యాడ దొరుకుతాది?"

క్యారియర్ తెచ్చిన లోకేశ్వరి, తమ్ముడికి పులుసు వడ్డిస్తూ తలెత్తకుండానే అంది. "చేపలకు యాడ దొరుకుతాదో ఆడనే."

అరగంటలో జాలర్ల కురుచికుప్పం నుంచి ట్రాలీ ఆటోలో ఐసు బార్లు దిగాయి. కొన్నిటికి చేప పొలుసులు కూడా అంటుకుని ఉన్నాయి. ఇంజను చల్లబడేదాకా దాని మీద గోనెసంచుల్లో ఐసు పరిచారు. మిగతా బార్లు రేడియేటరు ముందు గోడ కట్టినట్టు పేర్చారు. ఇంజను ఫ్యాను తిరిగితే ఆ చల్లగాలంతా లోపలికి లాక్కుంటుంది. షెడ్డంతా వంజిరం చేపల వాసన. రోడ్డున పోయే లారీ డ్రైవర్లు ముగ్గురు బళ్ళు ఆపి మరీ వచ్చి చేరారు.

"ఏందన్నా, బండికే ఐసు పెడతావుండావా? మొదలాళికి ఐసు పెట్టి పొగిడుంటే ఎప్పుడో బాడుగ ఇచ్చేసుండునే!"

"బండిని కోసి కిలో లెక్కన అమ్ముతాడో ఏమో!"

సరిగ్గా అప్పుడే రవిచంద్రన్ స్కూటరు దిగాడు. రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని, "సరి, స్టార్టు చెయ్యి," అన్నాడు.

గోవిందరాజన్ తాళం తిప్పాడు. దగ్గింది. తుమ్మింది. తెల్లటి పొగ గుప్పున వచ్చి మొదలాళి తెల్లచొక్కాలో కలిసిపోయింది. టకటక మొదలైంది.

"అదే! అదే!" అని గోవిందరాజన్ సీట్లో ఎగిరాడు. బాడుగ పోగొట్టే రోగాన్ని చూసి అంత సంబరపడ్డ మనిషిని రవిచంద్రన్ అంతకుముందు చూడలేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. వేడి చూపించే ముల్లు అడుగునే పడుకుంది. గోవిందరాజన్ కిందికి దూకి, ఇంజను నుంచి రేడియేటరుకు పోయే పైగొట్టం పట్టుకున్నాడు. ఇంజను ఇంకా వేడెక్కనే లేదు, గొట్టంలో మాత్రం నీళ్ళు జోరుగా పారుతున్నాయి. ఇంజను సంపాదించిన కాస్త వేడినీ ఎప్పటికప్పుడు మోసుకుపోయి ఐసుకు ధారపోస్తున్నాయి.

"యోగా, వేడెక్కేదాకా ఈ నీళ్ళను ఆపేదానికి నడుమ ఒక తలుపు ఉండాల గదరా?"

యోగానంద్ నములుతున్నది మింగాడు. "థర్మోస్టాటు."

"అది యాడ?"

"నువ్వే గద బావా పీకమన్నావు! పోయిన ఎండాకాలం తిండివనం కాడ బండి ఉడికిపోయిందని."

ఈ ఊళ్ళో అదొక ఆచారం. కొత్త లారీ వస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం, మొదటి ఎండాకాలం రాగానే థర్మోస్టాటు పీకడం. ఎండలో నీళ్ళకు అడ్డం దేనికి, పారనీ అంటారు. ఈ ఊరి ఎండకు ఆ ధర్మం చెల్లింది. ఊటీలో మాత్రం థర్మం లేని బండికి దిక్కు లేకపోయింది.

లోకేశ్వరి మొగుడి వైపు చూసింది. క్యారియర్ మూత టప్పున పెట్టింది.

గోవిందరాజన్ మొదలాళి స్కూటరు అడిగి తీసుకుని స్పేరుపార్టుల అంగడికి పరిగెత్తాడు. అంగడివాడు పై అరలోంచి డబ్బా తీసి దుమ్ము ఊదాడు. "ఈ ఊళ్ళో దీన్ని పీకినోళ్ళే గాని అడిగినోళ్ళు లేరు. ఒకటే ఉండాది. పట్టకపో."

యోగానంద్ చెయ్యి కూడా కడుక్కోకుండా బిగించాడు. కరిగిన ఐసును మళ్ళీ నింపారు. మళ్ళీ తాళం. దగ్గు వచ్చింది, పొగ వచ్చింది. గోవిందరాజన్ ముల్లు మీంచి కన్ను తీయలేదు. కదలలేదది. "మీ అత్తగారి అంగడి చల్లగానే ఉంటాది లేన్నా, ఫ్యాను గూడా ఉండాది," అన్నాడు ఎవడో డ్రైవరు. పైగొట్టం ఈసారి చల్లగా ఉంది, నీళ్ళు లోపలే ఆగాయి. ఇంకాసేపటికి ముల్లు ఉలిక్కిపడింది. బద్ధకంగా లేచి కూర్చుంది. మెల్లగా నడుమకు నడిచొచ్చి నిలబడింది. టకటక ఆగింది. పొగ పల్చబడి, పల్చబడి, పోయింది. ముందు ఐసు గోడ అలాగే ఉంది, లారీ మాత్రం చలికి చలించలేదు.

గోవిందరాజన్ స్టీరింగును ఆప్యాయంగా నిమిరాడు.

"చూసినారు గదండీ," అన్నాడు పవన్‌కుమార్ మొదలాళితో, తొందర తొందరగా. "ఇప్పుడే బాగయిన బండిని నమ్మడం ఎలాగండి? నాది ఎప్పుడూ బాగున్న బండండి."

రవిచంద్రన్ చొక్కా దులుపుకున్నాడు. "ఆ తలుపు నీ బండిలో ఉండాదా?"

"కంపెనీవాళ్ళు ఇచ్చే ఉంటారండి..."

"యోగా?"

యోగానంద్ షెడ్డు రేకుల్లో చిల్లులు వెతికాడు. "పోయిన చిత్తిర ఎండల్లో పీకేసినా."

పవన్‌కుమార్ తన లారీ వైపు చూశాడు. ఇందాక నవ్విన ముగ్గురు డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరో పిలిచినట్టు ఎవరి బండి వైపు వాళ్ళు నడిచారు. ఒకడైతే వంగి తన రేడియేటరు గొట్టం తడిమాడు కూడా. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క థర్మోస్టాటు గోవిందరాజన్ లారీలో వెచ్చగా కూర్చుని ఉంది.

"ఇంకేం జూస్తావుండావు? పో, చీకటి పడకముందే బయల్దేరు," అన్నాడు రవిచంద్రన్ గోవిందరాజన్‌తో.

ఐసు బార్లను పక్కకు తోశారు. గోవిందరాజన్ ఎక్కి కూర్చునేసరికి పక్క తలుపు తెరుచుకుంది. లోకేశ్వరి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కి, క్లీనరు సీట్లో దర్జాగా కూర్చుంది.

"నువ్వు యాడికి?"

"ఊటీకి. పొగ వస్తాదో రాదో నా కళ్ళతో చూడాల. అమ్మకు ఫోను చేసి చెప్పినా, నువ్వు అంగటికి రావని."

లారీ రోడ్డెక్కింది. గోవిందరాజన్ ఛాతీ క్యాబిను పట్టనంత పొంగింది. ఊరు దాటాక లోకేశ్వరి డాషుబోర్డును, పెడళ్ళను, అద్దాలను ఒక్కొక్కటే తీరిగ్గా చూసింది.

"అవునయ్యా," అంది, "దీంట్లో ఇంకా ఏమేం పీకించినావు?"

రోడ్డు మీద కనుచూపు మేరలో ఒక్క పురుగు కూడా లేదు. గోవిందరాజన్ హారను గట్టిగా కొట్టాడు.