నాన్న కాలితో పందెం

మా నాన్న బ్రహ్మానందం నోటికి భయపడని వాళ్లు భట్టిప్రోలులో లేరు. మగ్గం మీద డిజైను నేయించే జకార్డు పెట్టెలో, నేను సి భాషలో రాసిన కోడ్ లైబ్రరీ ఎక్కించిన రోజే తేల్చేశాడు.

"నా కాలు ఆగదు, నీ పెట్టె ఆగుద్ది. తీసుకుపో."

నిజమే. పెడల్ తొక్కగానే, పడుగు దారాలను లేపే నాలుగు వందల ఎనభై హుక్కుల్లో ఏవి పైకి లేవాలో పెట్టె తేల్చాలి. అది తేల్చేదాకా ఆయన ఎదురుచూడాల్సి వస్తోంది. నా మీద నాకే ఒళ్లు మండింది.

తప్పు దొరికింది. ఒక్కో హుక్కు సంగతి చూసే చిన్న ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంది. తొక్కిన ప్రతిసారీ నాలుగు వందల ఎనభై సార్లు అక్కడికి పోయి రావడానికే సమయం చాలడం లేదు. దాన్ని హెడర్ ఫైల్లోకి తెచ్చి ఇన్‌లైన్ చేశాను. అంటే, కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్, ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిచోటా దాని నకలు పరిచేస్తుంది; పోయి రావడం ఉండదు. ఆ ఊపులో మిగతా ఫంక్షన్లన్నీ అలాగే చేసేశాను. నాన్న మగ్గం పరుగెత్తింది. రేపల్లెలో వెంకటకృష్ణయ్య బాబాయి పాత పెట్టెలో మాత్రం, నకళ్లతో ఉబ్బిపోయిన లైబ్రరీ పట్టనే లేదు.

తెనాలి నుంచి మా కంపెనీ యజమాని కృష్ణచైతన్య ఫోన్ చేశాడు.

"ఆ పాత పెట్టెలోని బోర్డు వదిలెయ్యండి సుష్మగారూ. ఇక దానికి సపోర్టు లేదని చెప్పేస్తా."

"అన్ని బోర్డుల మీదా నడుస్తుందని మాటిచ్చింది నేనండి. శుక్రవారం దాకా ఆగండి."

కొత్త పెట్టె కొనే స్తోమత బాబాయికి లేదు. ఇది పోతే ఆయన మగ్గం మూలపడ్డట్టే.

ఆ మధ్యాహ్నం, నూలు చుట్టిన కండెల కోసం మాటిమాటికీ అరుస్తున్నాడని, అమ్మ బుట్టెడు కండెలు తెచ్చి నాన్న ఒళ్లో గుమ్మరించింది.

"చేతికందేటట్టు నాలుగు పెట్టు, చాలు. అన్నీ ఇక్కడే పోస్తే నాడె అటూ ఇటూ ఎట్టా ఆడుద్దే?" అని కసిరాడు.

తిట్లు అమ్మకి, సిగ్గు నాకు. హుక్కులు చూసే ఆ ఒక్క ఫంక్షన్‌నే ఇన్‌లైన్‌గా ఉంచి, మిగతావి వెనక్కి పంపేశాను. ఇన్‌లైన్ చెయ్యమని చెప్పే మాట ఒక్కో బోర్డు కంపైలర్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఏ కంపైలర్‌కు అర్థమయ్యే మాట దానికి అందేలా హెడర్లో నాలుగు లైన్లు రాశాను.

శుక్రవారం రేపల్లె బయల్దేరితే నాన్న కూడా వచ్చాడు. బాబాయిని లేపి తనే మగ్గంలో కూర్చున్నాడు. తొక్కాడు. హుక్కులు లేచాయి. వేగం పెంచాడు. అవీ పెంచాయి. పెట్టెను ఓడించాలనే పంతం ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది. చొక్కా తడిసిపోయింది.

చివరికి కాలు ఆపి, మోకాలు నిమురుకుంటూ బాబాయి వైపు తిరిగాడు.

"నేను ఆగానురా వెంకటకృష్ణయ్యా. పెట్టె ఆగలా. మా పిల్ల రాసింది."