అక్క కంటి చుక్క

కంటి ఆసుపత్రి ల్యాబులో అందరూ ఆమెను చుక్కమ్మ అంటారు. రోగుల కళ్ళలోంచి తీసిన నీటిచుక్కల్లో ఏ ప్రోటీన్ ఎంత ఉందో కొలవడం ఆమె పని. డాక్టర్లు ఎదురుపడితే చాలు, "ఒక్క చుక్క ఇప్పించండి" అని వెంటపడుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

ఈసారి ఆ వెంటపడటం సొంత అక్క కోసం. అక్క బట్టలు కుడుతుంది. షుగరు వల్ల కుడికంటి రెటీనా వాచి, తిన్నగా వేసిన కుట్టు కూడా మెలికలు తిరిగినట్టు కనబడుతోంది. నెలనెలా కంట్లో సూదిమందు వేస్తున్నా వాపు ఇసుమంతైనా తగ్గలేదు.

"ఈ మందు ఒక రకం ప్రోటీన్‌నే అణుస్తుంది," అన్నారు డాక్టరుగారు. "వాపు ఇంకోదాని వల్ల వస్తుంటే ఎన్నిసార్లు వేసినా దండగే."

"అయితే చుక్క తీసి చూద్దామండీ. ఈ చుక్కల మీద మనం చేస్తున్న పరిశోధనలో అక్కనీ చేర్చుకోండి."

ఆయన ఒప్పుకున్నారు. తర్వాతి సూదికి ముందు అక్క కంటి ముందుభాగంలోంచి ఒక్క చుక్క తీశారు. చుక్కమ్మ దాన్ని పసిబిడ్డను మోసినట్టు ల్యాబుకు తెచ్చి, గొట్టం వెలుతురుకెత్తి చూసింది. చుక్కలో సన్నటి ఎర్రచార. రక్తం కలిసింది. ఇక అందులో కంటి ప్రోటీన్లేవో రక్తంలోవేవో తేల్చడం ఎవరి తరమూ కాదు. పారేయడానికి మనసొప్పక కొలిచింది. వచ్చిన అంకెలు ఎందుకూ కొరగానివి.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళేసరికి, అక్క మిషను ముందు కూర్చుని తాను కుట్టిన కాలరును తానే విప్పుతోంది.

"ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదక్కా. రక్తం కలిసింది. మళ్ళీ తీయాలి."

అక్క కత్తెర కింద పెట్టింది. "కంట్లోకి సూది దిగుతుంటే పళ్ళు బిగబట్టుకుని పడుకున్నా, నువ్వడిగావని. చీమ తలకాయంత చుక్క, అది కూడా సరిగ్గా తీయలేకపోయారా?"

"అప్పుడప్పుడు అలా అవుతుందక్కా."

"మీకు అప్పుడప్పుడే. నాకున్నవి రెండే కళ్ళు."

బావ మాట తేలిక చేయబోయాడు. "మీ అక్క కోపం కొలిచే మిషను కూడా ఒకటి పెట్టించమ్మా ల్యాబులో." ఎవరూ నవ్వలేదు. అతనే కాలరు అందుకుని దారాలు పీకసాగాడు.

ఆ తర్వాత అక్క చుక్క మాట ఎత్తనివ్వలేదు. సూదులు పడుతూనే ఉన్నాయి, వాపు అలాగే ఉంది. చివరికి, గుండీలు వంకరగా కుట్టిందని ఒకాయన చొక్కా మొహాన కొట్టినంత పని చేసి వెళ్ళాక, తానే ఫోన్ చేసింది. "తీసుకో, తీసి చావు."

ఈసారి చుక్క తేటగా వచ్చింది. మందు అణచాల్సిన ప్రోటీన్ ఎప్పుడో అడుగంటింది. కంట్లో మంట రేపే మరో ప్రోటీన్ మాత్రం బాగా పెరిగి ఉంది. చుక్కమ్మ డాక్టరు గదికి పరుగెత్తింది.

"ఒక్క చుక్కను నమ్మి మందు మార్చలేం," అన్నారాయన. స్కాన్లు తిరగేశాక మళ్ళీ అన్నారు, "కానీ ఈ మందుకి వాపు కదలడం లేదన్నది నిజం. స్టిరాయిడ్ వేసి చూద్దాం. కంట్లో ప్రెషర్ పెరగొచ్చు, కనిపెట్టుకుని ఉండాలి."

వాపు తగ్గింది. చూపు మాత్రం సగమే తిరిగొచ్చింది. ఇంతకాలం వాపులో నానిన కణాలు కొన్ని ఇక కోలుకోవన్నారు. మొదటి చుక్కే శుభ్రంగా వచ్చి ఉంటేనా అనుకుంది చుక్కమ్మ. అక్క మొండికేయకుండా ఉంటేనా అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకేసింది.

అంతలో ఎడమకన్నూ వాచడం మొదలైంది.

"ఈ కంట్లోంచి ముందే తీసి చూడు," అంది అక్క. "సూదులన్నీ దండగయ్యాక కాదు."

డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. "పరిశోధనలో మనిషికి ఒక్క కన్నేనమ్మా. రెండోదానికి పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీ ఒప్పుకోవాలి."

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుందండీ?" అంది చుక్కమ్మ.

"వచ్చే నెలలోనో, ఆపై నెలలోనో."

"వాపు అంతవరకూ ఆగుతుందా?"

చుక్కమ్మ వెళ్ళి కమిటీ పెద్ద గది ముందున్న బెంచీ మీద కూర్చుంది. ఆయన భోజనానికి వెళ్ళారనీ, ఇవాళ మళ్ళీ రారేమోననీ గుమాస్తా చెప్పాడు. ఆమె సరేనంది కానీ లేవలేదు.